ఏ యోటమి మిక్కిలి బరువు?

దుఃఖములను ఒకదానిప్రక్క నొకటి పెట్టి పోల్చిచూచుట మన స్త్రీలకు క్రొత్త గాదు. నలుగురు చేరినచోట ఎవరి పురుడు మిక్కిలి కష్టమైనది, ఎవరి యప్పగింతలనాడు తల్లి సొమ్మసిల్లినది, ఏ సంవత్సరపు తుపానునకు ఎవరి యింటికప్పు లేచిపోయినది యని లెక్కలు వేసికొనుట యున్నదే. ఈ లెక్కలలో నొకవిధమైన యూరట కలదు. పోయినదానికి పేరును తేదియు పెట్టుకొన్నపిమ్మట అది గోడమీది పటమువలె ఎదుట నిలుచును. గుండె కొంత తేలికపడును. మా యింట నిట్టి లెక్క మరియొకటి చాలకాలముగా నడచుచున్నది. అది మన దేశపు స్త్రీల క్రికెట్టుజట్టు గెలువవలసిన పెద్దపోటీలలో ఓడిపోయిన లెక్క.

ఈ మాట విని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. తాతగారియొద్ద అమరమును, భారతమును, వసుచరిత్రమును చదువుకొన్నవారికి బంతియాటతో నేమి పనియని యడుగవచ్చును. మేము బాల్యమున అన్నదమ్ములతో పెరటిలో ఈ యాట ఆడినవారమే. పదుమూడవ యేట పెద్దలు వలదనగా మానితిమి. మానినవి కాళ్లును చేతులును మాత్రమే, కన్నులు మానలేదు. పెండ్లియైన తరువాత మా వారును ఈ యాటయందు ప్రీతిగలవారగుట మా భాగ్యము. వారు ఉన్నతపాఠశాలలో గణితము చెప్పుదురు. మా యత్తగారు డెబ్బదియేండ్లు దాటినవారు. మొదట జపమాలతో వచ్చి మూల కూర్చుండెడివారు, ఇప్పుడు జపము ముందుగానే ముగించుకొని వచ్చుచున్నారు. మా యమ్మాయికి పండ్రెండేండ్లు. మా నలుగురిలో ఏ యిద్దరికిని ఒకే యోటమి మిక్కిలి బాధాకరముగా తోచకపోవుటయే ఈ వ్యాసమునకు కారణము.

ఆట చూడని సోదరీమణులకొక్క మాట. ప్రపంచకప్పు పోటీలలో మొదట జరుగు లీగు ఆటలలో ఒకనాడు ఓడినను మరియొకనాడు దిద్దుకొనవచ్చును. ఆపైని సెమీఫైనలు, ఫైనలు అను మెట్లు వచ్చును. అక్కడ నోడినవారు మూటముల్లె కట్టుకొని యింటికి రావలసినదే. పెద్ద ప్రపంచకప్పు సుమారు నాలుగేండ్లకొకసారి గాని రాదు. ఒక క్రీడాకారిణి జీవితమున అట్టి యవకాశములు రెండో మూడో యుండును. అందుచేతనే లీగులో నోడిన పది యాటలు మరపునకు వచ్చినను, ఫైనలులో నోడిన యొక్కయాట ముల్లువలె నాటుకొనును.

మా వారు గణితోపాధ్యాయులగుటచే వారి కొలత అంకెలయందున్నది. గెలుపునకు ఎంత సమీపమున ఓడినచో బాధ అంత యెక్కువ యని వారి సిద్ధాంతము. ఆ లెక్కప్రకారము వారు 2017 జులై 23వ తేదిని మొదట నిలుపుదురు. ఆనాడు లండనులోని లార్డ్స్ మైదానమున ఇంగ్లండుతో ఫైనలు జరిగినది. అంతకు మూడుదినములముందు సెమీఫైనలులో హర్మన్‌ప్రీత్ కౌర్ ఆస్ట్రేలియామీద 171 పరుగులు చేసి అజేయముగా నిలిచియుండెను. అదివరకు స్త్రీల యాట చూడనివారు సైతము ఆ దెబ్బతో లేచి కూర్చుండిరి. ఫైనలునాడు ఇంగ్లండు 228 పరుగులు చేసినది. ఝూలన్ గోస్వామి 23 పరుగులే యిచ్చి 3 వికెట్లు తీసెను. పూనమ్ రౌత్ 86, హర్మన్‌ప్రీత్ 51 చేయగా ఒకానొకవేళ మనవారు 3 వికెట్లకు 191 పరుగులతో నుండిరి. ఇక 38 పరుగులు చాలును. సుమారు ఏడు ఓవర్లు మిగిలియున్నవి. ఏడు వికెట్లు చేతనున్నవి. మా వారు బల్లమీద చేయి చరచి, ఇది నూటికి తొంబదిపాళ్లు మనదేయనిరి. అటుపిమ్మట ఇంగ్లండు బౌలరు అన్యా ష్రబ్‌సోల్ చేతిలో బంతి పాముపడగ యైనది. 28 పరుగుల వ్యవధిలో ఏడు వికెట్లును పడిపోయి, మనవారు 219కి ముగిసిరి. తేడా 9 పరుగులు.

తాతగారు చెప్పిన పద్మవ్యూహము మాకానాడు తలపునకు వచ్చినది. అభిమన్యునకు లోపలికి పోవుట తెలియును, వెలికి వచ్చుట తెలియదు. ఆనాటి మన జట్టులో పెద్దఫైనలు ఆడినవారు మిథాలీరాజ్, ఝూలన్ మాత్రమే. తక్కినవారు గెలుపు గుమ్మమువరకు దారి యెరుగుదురు. గుమ్మము దాటుట యెట్లో ఎవరును చూపియుండలేదు.

మా వారి పుస్తకములో దాని ప్రక్కనే 2022 ఆగస్టు 7వ తేది యున్నది. బర్మింగ్‌హాములో కామన్వెల్తు క్రీడల ఫైనలు; ఎదుటిజట్టు ఆస్ట్రేలియా. వారు 161 చేయగా మనవారు 2 వికెట్లకు 118 వరకు చక్కగా నడచిరి. హర్మన్‌ప్రీత్ 65 చేసెను. అటుపిమ్మట 34 పరుగులలో ఎనిమిది వికెట్లు పోయి 152 వద్ద ఆట ముగిసినది. తేడా మరల 9 పరుగులే. రజతపతకము వచ్చినది, ఇంట నెవరికిని సంతోషము రాలేదు. మూడవస్థానపు కాంస్యము గెలిచి తెచ్చుకొనునది, రెండవస్థానపు రజతము ఓడి తెచ్చుకొనునది యని మా వారు నాడనిన మాట మాకు నచ్చినది.

మా యత్తగారికి అంకెలతో పనిలేదు. చేతికి వచ్చినది నోటికి రాకపోవుటకంటె మించిన దుఃఖము లేదని వారి మతము. వారు చూపునది 2022 మార్చి 27వ తేది. న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చిలో దక్షిణాఫ్రికాతో నాటి యాట పేరునకు లీగు ఆటయే. కాని గెలిచినచో సెమీఫైనలు, ఓడినచో ఇల్లు. మనవారు 274 పరుగులు చేసిరి. అందు మిథాలీరాజ్ చేసినవి 68. కడపటి ఓవరులో దక్షిణాఫ్రికాకు 7 పరుగులు కావలెను. బంతి వేయునది దీప్తి శర్మ. రెండు బంతులు మిగిలియుండగా ఎదుటివారి ముఖ్యురాలు బంతిని గాలిలోనికి లేపెను, క్యాచ్ పట్టబడెను. మైదానమున మనవారు పరుగెత్తి కౌగిలించుకొనిరి. మా యత్తగారు కన్నులు మూసికొని నమస్కరించిరి. కన్నులు తెరచునప్పటికి అంపైరు చేయి చాచియుండెను. నోబాల్! బంతి వేయునపుడు పాదము గీత దాటినదట. కడపటి బంతికి దక్షిణాఫ్రికా గెలిచినది.

“విస్తరిలో వడ్డించి, చేయి పెట్టబోయేవేళకు విస్తరి లాగేసినట్లయింది” అని మా యత్తగారనిరి. ఆ రాత్రి వారు మజ్జిగతో సరిపుచ్చుకొనిరి. అదియే మిథాలీరాజ్ అంతర్జాతీయ క్రికెట్టులో ఆడిన తుదియాట యైనది. ఆమె ఆ జూనులో విరమించెను. ఇరువదిమూడేండ్ల సేవ, 232 ఏకదినపు ఆటలు, 7805 పరుగులు, ప్రపంచకప్పు మాత్రము లేదు. ఇంటిల్లిపాదికిని వండి వడ్డించి తానాకలితో లేచిపోయిన గృహిణిని మా యత్తగారామెయందు చూచిరని మాకు పిమ్మట తోచినది.

మా యమ్మాయి లెక్క వేరు. ఎవరి దోషమును లేక జరిగిన కీడే పెద్దకీడని దాని యభిప్రాయము. 2023 ఫిబ్రవరి 23వ తేదిని కేప్‌టౌనులో ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు సెమీఫైనలు జరిగినది. ఆస్ట్రేలియా 172 చేసినది. మనవారు 28 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకొనిరి. అప్పుడు జెమీమా రోడ్రిగ్స్, హర్మన్‌ప్రీత్ జతగూడి ఆటను మరల నిలువబెట్టిరి. హర్మన్‌ప్రీత్ అంతకుముందు జ్వరపడి లేచినది. ఐనను 34 బంతులలో 52 పరుగులు చేసినది. రెండవ పరుగునకై వచ్చుచు బ్యాటును నేలమీద జార్చి గీత దాటించబోగా దాని కొన నేలలో గ్రుచ్చుకొని నిలిచిపోయినది. అడుగుమాత్రపు దూరమున ఆమె రనౌట్ అయినది. ఆ యాటలో మనవారు 5 పరుగులతో నోడిరి. ఆట ముగిసిన పిమ్మట ఆమె నల్లకండ్లద్దములు పెట్టుకొని మాట్లాడవచ్చినది. తాను ఏడ్చుట దేశము చూడరాదని అట్లు చేసితినని చెప్పినది.

అప్పటికి మా యమ్మాయికి పదేండ్లు. “అమ్మా, నేల ఎందుకు పట్టుకుంది?” అని యడిగినది. కర్ణుని రథచక్రమును భూమి పట్టిన కథ దానికి చెప్పితిమి. కర్ణునకైనచో శాపము లున్నవి, మాటతప్పిన గురుసేవ యున్నది. కారణము చూపి కథ ముగింపవచ్చును. ఈమెకు శాపమిచ్చినవారెవ్వరు? ఆ ప్రశ్నకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. కారణము లేని కీడును పిల్లలు పెద్దలకంటె తీవ్రముగా ద్వేషింతురు. అందుచేతనే దానికి ఆ యోటమి ఇప్పటికిని మొదటిది.

ఈ లెక్కలో ఎవరును ఏరుకొనని యోటమి యొకటి కలదు. 2020 మార్చి 8వ తేది, అంతర్జాతీయ మహిళాదినోత్సవము. మెల్బోర్నులో ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు ఫైనలు. చూడవచ్చినవారు 86,174 మంది. ఆస్ట్రేలియా 184 చేయగా మనవారు 99కి ముగిసిరి. తేడా 85 పరుగులగుటచే మా వారి కొలతకు అది చిక్కదు. కాని మొదటి ఓవరులోనే అలిస్సా హీలీ యిచ్చిన క్యాచ్‌ను షెఫాలీ వర్మ జారవిడిచెను. హీలీ తరువాత 39 బంతులలో 75 కొట్టెను. షెఫాలీ బ్యాటు పట్టి వచ్చి 2 పరుగులకే వెనుదిరిగెను. అప్పటి కామె వయస్సు 16 ఏండ్లు. అన్నివేలమంది యెదుట పదునారేండ్ల పిల్ల ఏడ్చుచు నిలిచిన దృశ్యమును ఏ కొలపాత్రతో కొలుతుము?

ఆ దృశ్యము మాకొకనాడు పనికివచ్చినది. 2024లో మా యమ్మాయి పాఠశాలల బాలికల పోటీలో ఆడబోయి, కడపటి ఓవరులో సులువైన క్యాచ్ విడిచి, జట్టు ఓటమికి కారణమైనది. తోడిపిల్లలు మాటాడుట మానిరి. చూడవచ్చిన పెద్దమనిషి యొకరు, ఆడుపిల్లల చేతులు అప్పడములు వత్తుటకే గాని బంతులు పట్టుటకు గావని నవ్వుచు ననెను. అది యింటికి వచ్చి బ్యాటును అటకమీద పడవేసి, ఇక ఆడనన్నది. మా వారు బుజ్జగించిరి. మా యత్తగారు ఆ పెద్దమనిషిని మనసార తిట్టిరి. అది కదలలేదు. రాత్రి ప్రక్కన పరుండబెట్టుకొని మేము దానికి మెల్బోర్ను కథ మొదటినుండి చెప్పితిమి. అంతయు విని, “తరువాత ఆ అక్క గెలిచిందా?” అని యడిగినది. 2023 జనవరిలో పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచకప్పును ఆమె నాయకత్వమున మనవారు గెలిచిరనియు, ఆ జట్టులో మన భద్రాచలపు గొంగడి త్రిష ఆడినదనియు చెప్పితిమి. “పెద్దవాళ్ల కప్పు?” అన్నది. ఇంకను రాలేదని చెప్పక తప్పలేదు. కొంతసేపు మౌనముగా నుండి, “అయినా ఆడుతూనే ఉందిగా” అన్నది. మరునాటి యుదయమున అటకమీది బ్యాటు దింపుమని తానే యడిగినది. గెలుపుకథ చెప్పి యోదార్చుట సులువు. గెలుపింకను రాని కథవలన నొక పిల్ల లేచి నిలువగలదని మేమానాడు తెలిసికొంటిమి.

ఇక మా వంతు. మేము ఏరుకొన్న యోటమి వినినచో మా యింటివారు సైతము ఆశ్చర్యపడుదురు. ఏలయన అది అన్నిటికంటె పెద్దతేడాతో నోడినది. పైగా దానిని మేము కన్నులార చూచినదియు గాదు. 2005 ఏప్రిల్ 10వ తేదిని దక్షిణాఫ్రికాలోని సెంచూరియనులో మన స్త్రీలజట్టు మొట్టమొదటిసారిగా ప్రపంచకప్పు ఫైనలు ఆడినది. నాయకురాలు మిథాలీరాజ్. జోధపురమున పుట్టి హైదరాబాదులో పెరిగిన ఆ పిల్లకప్పటికి ఇరువదిరెండేండ్లు. సెమీఫైనలులో న్యూజిలాండుమీద 91 పరుగులు చేసి, అజేయముగా నిలిచి, జట్టును ఫైనలునకు తెచ్చినది. ఫైనలులో ఆస్ట్రేలియా 215 చేసినది; కారెన్ రోల్టన్ ఒక్కతెయే 107. మనవారు 117కి ముగిసిరి. తేడా 98 పరుగులు.

అప్పుడు మాకు పదునారేండ్లు. తాతగారి యింట వార్తాపత్రికలో లోపలిపుటను నాలుగుపంక్తులలో ఈ సంగతి చదివితిమి. ఇది నిజముగా జరిగినదా, మనదేశపు ఆడుపిల్లలు ప్రపంచకప్పు ఫైనలువరకు పోయిరా, పోయినచో ఇన్నాళ్లు ఎవరును చెప్పలేదేమని యక్కజపడితిమి. అన్నదమ్ములకు చూపగా, ఆడవాళ్లకుకూడ కప్పు ఉన్నదాయనిరి. పెరటిలోనికి పోయి తులసికోటయొద్ద ఒంటరిగా నేడ్చితిమి. ఆట మానిన పదుమూడవయేట ఏడ్వని యేడ్పుకూడ నందులో కొంత కలసియుండవచ్చును.

ఆనాటి యాటకత్తెల బ్రతుకును గూర్చి తరువాత వారే చెప్పిన సంగతులు చదివితిమి. అప్పటికి స్త్రీల యాట పెద్ద క్రికెట్టుబోర్డు క్రిందికి రాలేదు; అది వచ్చినది 2006లో. 2005 కప్పులో రెండవస్థానము తెచ్చినందుకు ఆటకు 1000 రూపాయలచొప్పున ముట్టినదని మిథాలీరాజ్ చెప్పియున్నది. ప్రయాణములు రైలు సాధారణపు పెట్టెలలో. ఇన్నికష్టములకోర్చి కొండకొమ్ముదాక ప్రాకి జారిపడినవారికి, అయ్యో యనువారొకరును లేకపోయిరి.

భారతమున యుద్ధపర్వములు ముగిసినవెంటనే స్త్రీపర్వము వచ్చును. చిన్ననాడు మేము తాతగారిని, యుద్ధము ముగిసినది గదా, ఈ యేడ్పులకు ప్రత్యేకముగా నొక పర్వమెందులకని యడిగితిమి. ఏడ్చువారు లేనిచో పోయినవారు పోయినట్లే లెక్కకు రారమ్మా యని వారు చెప్పిరి. గాంధారి తన కొడుకులకొరకే గాక పరులబిడ్డలకొరకును వాపోయినది. అందుచేతనే ఓడినవారి పేర్లును నేటికి మిగిలినవి. 2017 ఓటమికి దేశమంతయు స్త్రీపర్వమైనది. లార్డ్స్‌నుండి తిరిగివచ్చిన పిల్లలకు విమానాశ్రయములలో జనము పూలదండలు వేసిరి. 2022 నోబాలునకు మా యత్తగారు పస్తుండిరి. 2023కు మా యమ్మాయి ప్రశ్నలడిగినది. 2005కు స్త్రీపర్వము లేదు. కావుననే మా తూనికలో అది యన్నిటికంటె బరువు. తేడా యెంత, ఎంత దగ్గరకు వచ్చి పోయినది, ఎవరిది దోషము అను ప్రశ్నలు మంచివే. ఆ బరువు నెందరు పంచుకొనిరి అను ప్రశ్నను మేమందరికంటె ముందు పెట్టుదుము.

పంచుకొన్న దుఃఖము ఊరకపోదనుటకు తరువాతి సంవత్సరములే సాక్ష్యము. 2017నాటి కన్నీటితో స్త్రీల యాట ఇంటింటి ముచ్చటయైనది. 2022 అక్టోబరులో క్రికెట్టుబోర్డువారు స్త్రీలకును పురుషులకును ఆటరుసుము సమానమని ప్రకటించిరి. ఏకదినపు ఆటకు 6 లక్షల రూపాయలు. 1000 రూపాయలనుండి 6 లక్షలకు! 2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగు మొదలైనది. కోపముతో వెలివేసినచో ఈ మార్పు వచ్చెడిదికాదు. ఓడినను మా పిల్లలేయని జనము పట్టుకొని కూర్చుండుటచే వచ్చినది.

2025 ప్రపంచకప్పు మనదేశముననే జరిగినది. అందు మన విశాఖపట్టణమున అక్టోబరు 9న దక్షిణాఫ్రికాతోను, 12న ఆస్ట్రేలియాతోను మనవారోడిరి. 330 పరుగులు చేసియు ఆస్ట్రేలియాతో నోడుట చూచి మా వారు పుస్తకము తెరచి క్రొత్తపుట గీసికొనిరి. ఆనాడే ఆ మైదానములో నొక వేదికకు మిథాలీరాజ్ పేరు పెట్టిరి. ఇండోరులో ఇంగ్లండుతో 4 పరుగులతో మరల ఓటమి. వరుసగా మూడు! ఐనను లీగు దాటి, అక్టోబరు 30న నవీముంబైలో సెమీఫైనలునందు ఆస్ట్రేలియా 338 చేయగా మనవారు దానిని దాటిరి. జెమీమా 127 పరుగులతో నిలిచినది. హర్మన్‌ప్రీత్ 89 చేసినది. కేప్‌టౌనులో ఆట నిలిపియు గెలిపింపలేకపోయిన జత ఆ యిద్దరే.

నవంబరు 2న ఫైనలు దక్షిణాఫ్రికాతో. మెల్బోర్నులో క్యాచ్ విడిచిన షెఫాలీ 87 పరుగులు చేసి 2 వికెట్లుకూడ తీసినది. క్రైస్ట్‌చర్చిలో గీత దాటిన దీప్తి శర్మ అదే దక్షిణాఫ్రికామీద 58 పరుగులు చేసి 5 వికెట్లు తీసినది. బ్యాటు నేల పట్టిన హర్మన్‌ప్రీత్ దీప్తి బంతికి కడపటి క్యాచ్ పట్టినది. 52 పరుగులతో గెలుపు. జట్టులో మన కడపజిల్లా పల్లెపిల్ల శ్రీచరణి యున్నది. ఆ కప్పులో 14 వికెట్లు తీసినది. హైదరాబాదు అరుంధతీరెడ్డియు జట్టులో నుండెను. అర్ధరాత్రివేళ మా యింట పాయసము కాచితిమి. మా యత్తగారు చక్కెరజబ్బు సంగతి మరచి రెండుగిన్నెలు పుచ్చుకొనిరి.

“ఇక పాత లెక్కలు కొట్టివేయవచ్చు” నని మా వారు పుస్తకము మూయబోయిరి. అంతలో మైదానమున గెలిచిన పిల్లలు మిథాలీరాజ్‌ను, ఝూలన్ గోస్వామిని పిలిచి కప్పును వారి చేతులలో పెట్టిరి. మేము వలదని మా వారి చేయి పట్టుకొంటిమి. గెలుపు పాత యోటములను తుడిచివేయలేదు. వాటికి చిరునామా చూపినది. ఇరువదియేండ్లక్రిందట ఎవరును చూడని మైదానమున ఓడినవారి చేతికి కప్పు చేరినపుడు, ఆ 98 పరుగుల యోటమికి ఆలస్యముగానైనను స్త్రీపర్వము దొరకినది. అది సంతోషాశ్రువులతో నిండిన స్త్రీపర్వము. లెక్కలో దాని స్థానము మాత్రము మేము మార్చలేదు. మిథాలీ, ఝూలన్ కప్పు పట్టుకొనిరి గాని, 2005 జట్టులోని తక్కిన పిల్లలలో పలువురి పేర్లు నేటికిని మన యిండ్లలో తెలియవు గదా!

సోదరీమణులారా! మీ వీథిలోనో, మీ పిల్లల పాఠశాలలోనో ఆడుపిల్లలు ఏ యాటయైన ఆడుచుండవచ్చును. వంటపని యొకగంట వెనుకపడినను పోయి చూడుడు. గెలిచినవారికి చప్పట్లు కొట్టువారు ఎందరైనను దొరకుదురు. ఓడి యింటికి వచ్చు పిల్లకు, నీ యాట చూచితిని, నాకును కష్టమైనది యని చెప్పునట్టి పెద్దదిక్కు ఒకరుండవలెను. ఆ మాట చెప్పుటకు ఆట నియమములు తెలియనక్కరలేదు. ఆట ముగియువరకు కూర్చుండిన చాలును.